సమ్మర్‌లో, సెమిస్టర్ల మధ్య సెలవుల్లో టీఏ, ఆర్ఏ పని: జీతం, షరతులు ముందే తేల్చుకోవడం ఎలా?

ఏప్రిల్ రాగానే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మే 15తో నా టీఏ అయిపోతోంది. సమ్మర్‌లో ల్యాబ్‌లోనే ఉండమంటున్నాడు ప్రొఫెసర్. డబ్బుల మాట ఎత్తలేదు. అడగొచ్చా?"

అడగొచ్చు. అడిగి తీరాలి. అయితే అడిగే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిని చేయాల్సిన వరసలోనే రాస్తున్నాను.

ఇది అమెరికా యూనివర్సిటీల్లో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఎమ్మెస్, పీహెచ్‌డీ చేస్తూ టీఏ (టీచింగ్ అసిస్టెంట్)గానో, ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్)గానో, జీఏ (గ్రాడ్యుయేట్ అసిస్టెంట్)గానో పనిచేసేవాళ్ల కోసం. ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి. అందుకే మీ కాగితాల్లో ఏం వెతకాలో, ఎవరిని ఏం అడగాలో అన్నదాని మీదే ఎక్కువ చెబుతాను.

## 1. డబ్బు కంటే ముందు తేదీలు

ఒక కాగితం తీసుకుని ఈ మూడు జతల తేదీలు రాయండి.

☐ మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ
☐ అకడమిక్ క్యాలెండర్‌లో క్లాసులు ముగిసే తేదీ, మళ్లీ మొదలయ్యే తేదీ
☐ మీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం)లో ప్రోగ్రామ్ మొదలైన తేదీ, ముగిసే తేదీ

చాలాచోట్ల తొమ్మిది నెలల అపాయింట్‌మెంట్ ఆగస్టు 16న మొదలై మే 15న ముగుస్తుంది. క్లాసులు మాత్రం మే మొదటి వారంలోనే అయిపోవచ్చు. ఆ మధ్య వారం మీకు జీతం వస్తున్న రోజులే కాబట్టి పేపర్లు దిద్దమంటే దిద్దాలి. మే 16 నుంచి పరిస్థితి వేరు. కొత్త లెటర్ లేకపోతే జీతమూ లేదు, పని చేయాల్సిన బాధ్యతా లేదు.

నా మొదటి సమ్మర్‌లో ఈ తేడా తెలియక దెబ్బతిన్నాను. "లెటర్ వస్తుందిలే, నువ్వు మొదలుపెట్టు" అంటే మే 16 నుంచే ల్యాబ్‌కు వెళ్లాను. లెటర్ జూన్ రెండో వారంలో వచ్చింది, అందులో మొదలయ్యే తేదీ కూడా జూన్ రెండో వారమే. ముందు చేసిన నాలుగు వారాలకు పైసా రాలేదు. నోటిమాటతో పని మొదలుపెట్టొద్దని జూనియర్లకు పదేపదే చెప్పేది అందుకే.

## 2. మీకు ఇవ్వబోయేది ఏ రకం డబ్బు?

సమ్మర్ డబ్బంతా ఒకటి కాదు. పేరు మారితే గంటలు, పన్ను, హక్కులు అన్నీ మారతాయి.

స్టైపెండ్ మీద అసిస్టెంట్‌షిప్. వారానికి 20 గంటలంటే 50 శాతం అపాయింట్‌మెంట్, 10 గంటలంటే 25 శాతం. నెలకు ఇంత అని స్థిరంగా వస్తుంది.

గంటల లెక్క. టైమ్‌షీట్ నింపితేనే డబ్బు. సెలవు రోజున పని లేకపోతే జీతం లేదు. కనీస వేతన చట్టం దీనికి పూర్తిగా వర్తిస్తుంది. కేంద్ర కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువ. వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి.

సమ్మర్ ఫెలోషిప్. ఇది మీ చదువుకు, మీ పరిశోధనకు ఇచ్చే సహాయం. దీనికి బదులుగా ఫలానా పని చేయాలన్న షరతు ఉండకూడదు. ఫెలోషిప్ అని ఇచ్చి వారానికి 20 గంటలు పేపర్లు దిద్దమంటే అది జీతం కిందకే వస్తుంది. పేరు సరిచేయమని అడగండి.

సమ్మర్ కోర్సు చెప్పడం. కోర్సుకు ఇంత అని మొత్తంగా ఇస్తారు. దీని గురించి 6వ భాగంలో విడిగా రాశాను.

ఇంకొకటి చూసుకోండి. తొమ్మిది నెలల జీతాన్నే పన్నెండు నెలలకు పంచి ఇస్తామని మీ లెటర్‌లో ఉంటే, జూన్, జూలై చెక్కులు ఇప్పటికే చేసిన పనికి వస్తున్నవి. అవి చూపించి "సమ్మర్‌లో జీతం ఇస్తున్నాంగా, పని చెయ్యి" అంటే ఒప్పుకోవద్దు.

## 3. గంటకు ఎంత పడుతోందో లెక్కకట్టండి

ఈ ఒక్క పనీ చేయకుండా ఎవరితోనూ మాట్లాడకండి.

మీ స్టైపెండ్ తొమ్మిది నెలలకు 18,000 డాలర్లు అనుకుందాం, 50 శాతం అపాయింట్‌మెంట్. తొమ్మిది నెలలంటే సుమారు 39 వారాలు. వారానికి 20 గంటల చొప్పున 780 గంటలు. 18,000ను 780తో భాగిస్తే గంటకు 23 డాలర్ల పైచిలుకు. అది మీ రేటు.

ఇప్పుడు సమ్మర్‌కు మొత్తం 3,500 ఇస్తామన్నారు, పది వారాలు, వారానికి 20 గంటలు. 200 గంటలకు 3,500 అంటే గంటకు 17.50. అదే ల్యాబ్, అదే పని, రేటు మాత్రం దాదాపు పాతిక శాతం తక్కువ.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, పాత రేటే ఇవ్వమని అడగడం. మే 16 నుంచి ఆగస్టు 15 వరకు అదే 50 శాతం మీద లెక్కేస్తే మూడు నెలలకు 6,000. ప్రొఫెసర్ గ్రాంట్‌లో అంత లేదంటే రెండో దారి: డబ్బు పెరగనప్పుడు గంటలు తగ్గించమనడం. మీ పాత రేటుకు 3,500 అంటే సుమారు 150 గంటలే, పది వారాలకు వారానికి 15 గంటలు. నా అనుభవంలో ఈ రెండో మాటకు ప్రొఫెసర్లు తేలిగ్గా ఒప్పుకుంటారు. గ్రాంట్‌లో లేని డబ్బు తేలేరు గానీ పని తగ్గించడం వాళ్ల చేతిలోనే ఉంటుంది.

చెక్కు ఎప్పుడు వస్తుందో కూడా లెక్కలో వేసుకోండి. నెలజీతం పద్ధతిలో మే నెలాఖరు చెక్కు సగమే ఉంటుంది, మే 15తో పాత అపాయింట్‌మెంట్ అయిపోతుంది కదా. కొత్తది జూన్‌లో మొదలైతే దాని మొదటి చెక్కు జూన్ నెలాఖరుకో, జూలై మొదట్లోకో వస్తుంది. జూన్ ఒకటిన అద్దె కట్టాలి. స్ప్రింగ్‌లోనే రెండు నెలల అద్దె పక్కన పెట్టుకోండి. ఇంటి దగ్గర నాన్న ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ కడుతుంటే, మళ్లీ అక్కడి నుంచే డబ్బు తెప్పించుకోవాల్సి రావడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

## 4. ఎఫ్-1 గంటలు: ఎప్పుడు 20, ఎప్పుడు 40?

క్లాసులు జరుగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించకూడదు. అన్ని ఉద్యోగాలూ కలిపే ఈ లెక్క. 20 గంటల టీఏ మీద లైబ్రరీలో మరో 5 గంటలు చేస్తే నిబంధన తప్పినట్టే.

సెలవుల్లో, సెమిస్టర్ల మధ్య, తర్వాతి సెమిస్టర్‌కు రిజిస్టర్ అయ్యే ఉద్దేశం ఉన్నవాళ్లు క్యాంపస్‌లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. క్యాంపస్ అసిస్టెంట్‌షిప్‌కు సీపీటీ (చదువులో భాగంగా క్యాంపస్ బయట పనికి ఇచ్చే అనుమతి) అవసరం లేదు.

కాకపోతే ఈ చిక్కులు ఉన్నాయి:

- సమ్మరే మీ మొదటి సెమిస్టర్ లేదా చివరి సెమిస్టర్ అయితే అది మీకు సెలవు కాదు. 20 గంటల పరిమితి ఉంటుంది.
- మేలో డిగ్రీ పూర్తయితే ఐ-20లో ప్రోగ్రామ్ ముగిసే తేదీ తర్వాత, ఓపీటీ (చదువు తర్వాత పనికి ఇచ్చే) అనుమతి లేకుండా, అదే ల్యాబ్‌లో ఒక్క రోజు కూడా జీతానికి పని చేయకూడదు. ఆ తర్వాత ఉండే 60 రోజులు సర్దుకోవడానికే, పనికి కాదు.
- వేరే యూనివర్సిటీకి బదిలీ అవుతుంటే మీ సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు రిలీజ్ అయిన తేదీ నుంచి పాత క్యాంపస్‌లో పని కుదరదు. ఇక్కడ ఎమ్మెస్ చేసి ఇంకోచోట పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సమ్మర్ పని ముగిశాక రిలీజ్ అయ్యేలా తేదీ పెట్టించుకోండి.
- యూనివర్సిటీ సొంత పరిమితి 40 కంటే తక్కువ ఉండొచ్చు. ఆరోగ్య బీమా చట్టం ప్రకారం సగటున 30 గంటలు దాటితే ఫుల్‌టైమ్ ఉద్యోగి కిందకు వస్తారు కాబట్టి, కొన్ని యూనివర్సిటీలు విద్యార్థులను 28, 29 దగ్గరే ఆపేస్తాయి.

వారం మధ్యలో క్లాసులు ముగిస్తే ఆ వారం మొత్తాన్నీ 20 గంటల వారంగానే చూసుకోండి. పది గంటల జీతం కోసం వీసా స్టేటస్‌ను పణంగా పెట్టొద్దు.

అనుమానం ఉంటే అడగాల్సింది ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి)ని. ప్రొఫెసర్ చెప్పాడనో, వాట్సాప్ గ్రూపులో సీనియర్ రాశాడనో నమ్మి ముందుకెళ్లొద్దు. నేనిక్కడ రాసినదాన్ని కూడా డీఎస్ఓ దగ్గర సరిచూసుకోండి.

## 5. ట్యూషన్, ఫీజులు, ఇన్సూరెన్స్

స్ప్రింగ్‌లో ట్యూషన్ మాఫీ ఉంది కాబట్టి సమ్మర్‌లోనూ ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. ఈ నాలుగు ప్రశ్నలకు డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ దగ్గర రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

☐ సమ్మర్ అసిస్టెంట్‌షిప్ కోసం క్రెడిట్లకు రిజిస్టర్ అవ్వాలా? ఎన్నింటికి?
☐ ఆ క్రెడిట్ల ట్యూషన్ ఎవరు కడతారు?
☐ ట్యూషన్ మాఫీ ఉన్నా ఫీజులు నేను కట్టాలా? ఎంత?
☐ హెల్త్ ఇన్సూరెన్స్ ఏ తేదీ వరకు ఉంటుంది? సమ్మర్ ప్రీమియంలో నా వాటా ఎంత?

మొదటి ప్రశ్నకు "ఒక క్రెడిట్" అని, రెండోదానికి "నువ్వే" అని జవాబు వస్తే, ఆ మొత్తాన్ని సమ్మర్ జీతంలోంచి తీసేసి 3వ భాగంలోని లెక్క మళ్లీ చేయండి. చాలా ఆఫర్ల అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

## 6. సమ్మర్ కోర్సు మీరే చెబుతుంటే

మూడు క్రెడిట్ల కోర్సుకు మామూలు సెమిస్టర్‌లో 15 వారాలు, వారానికి మూడు గంటల క్లాసు. దాన్నే ఐదు వారాల సమ్మర్ సెషన్‌లో పెడితే వారానికి తొమ్మిది గంటలు క్లాసులోనే నిలబడాలి. సిద్ధం కావడం, దిద్దడం, ఆఫీస్ అవర్స్ అదనం. ఆ ఐదు వారాలు మీ సొంత పరిశోధన సాగుతుందని అడ్వైజర్‌కు మాటివ్వకండి.

అంతకంటే ముఖ్యం, విద్యార్థులు చాలినంతమంది చేరకపోతే సమ్మర్ కోర్సును రద్దు చేస్తారు. మొదటి క్లాసుకు కొద్ది రోజుల ముందు కూడా చేయొచ్చు. అందుకని ముందే ఇవి అడగండి: కనీసం ఎంతమంది ఉండాలి? రద్దుపై నిర్ణయం ఏ తేదీకి తీసుకుంటారు? రద్దయితే వేరే పని ఇస్తారా? సిలబస్ తయారీకి పెట్టిన సమయానికి ఏమైనా ఇస్తారా? తక్కువమంది చేరితే జీతం తలకింత లెక్కన తగ్గిస్తారా?

జవాబు నచ్చకపోతే గ్రేడర్ పనో, ల్యాబ్ పనో రెండో ఏర్పాటుగా చూసి పెట్టుకోండి.

## 7. ఎప్పుడు, ఎవరిని, ఎలా అడగాలి?

కొత్తగా చేరబోయేవాళ్లు ఆఫర్ ఒప్పుకునే ముందే అడగాలి. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు, వచ్చే విద్యాసంవత్సరపు ఫండింగ్ ఆఫర్ల మీద జవాబుకు ఏప్రిల్ 15 దాకా గడువిచ్చే తీర్మానానికి కట్టుబడి ఉంటాయి. "నా స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? సమ్మర్ ఫండింగ్ హామీ ఉందా, ఎన్ని సమ్మర్లకు?" అని ఆ గడువులోపు మెయిల్ చేయండి. ఇద్దరి ఆఫర్లూ 18,000 అయినా, ఒకరిది తొమ్మిది నెలలకు, ఇంకొకరిది ఏడాదికి అయితే అవి సమానం కావు.

ఇప్పటికే చేరినవాళ్లు ఫిబ్రవరిలో అడగాలి, మార్చి దాటనివ్వకూడదు. అప్పటికింకా గ్రాంట్ లెక్కలు, సమ్మర్ కోర్సుల కేటాయింపులు తేలుతూ ఉంటాయి.

ముందు అడ్వైజర్‌తో ముఖాముఖి మాట్లాడండి. మన పెంపకంలో గురువును డబ్బు అడగడం తప్పనిపిస్తుంది. అక్కడి ప్రొఫెసర్‌కు అది మామూలు బడ్జెట్ ప్రశ్న. నసగకుండా, క్షమాపణలు చెప్పకుండా అడగండి.

మాట్లాడిన రోజే మెయిల్ పంపండి. ఈ సారాంశంతో రాసుకోండి:

"ఈరోజు సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. నాకు అర్థమైనంతవరకు, మే 16 నుంచి ఆగస్టు 15 వరకు వారానికి 20 గంటలు ఆర్ఏగా పనిచేస్తాను. నెలకు 2,000 డాలర్లు ఫలానా గ్రాంట్ నుంచి వస్తాయి. ఒక క్రెడిట్ ట్యూషన్ డిపార్ట్‌మెంట్ కడుతుంది. జూలైలో రెండు వారాలు సెలవు తీసుకుంటాను. ఇందులో ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి. అపాయింట్‌మెంట్ లెటర్ కోసం కోఆర్డినేటర్‌కు కూడా కాపీ పెడుతున్నాను."

ఈ మెయిల్ లెటర్‌కు బదులు కాదు, కానీ లెటర్‌లో తేడా వస్తే చూపించడానికి మీ చేతిలో ఉండే ఆధారం. లెటర్ వచ్చాక ఇవి సరిచూసుకుని సంతకం పెట్టండి:

☐ రెండు తేదీలు
☐ గంటలు లేదా శాతం
☐ మొత్తం జీతం, ఎన్ని చెక్కులుగా
☐ ట్యూషన్, ఫీజు
☐ సూపర్‌వైజర్ పేరు, పని వివరం
☐ మధ్యలో ఆపేస్తే ఎంత ముందు చెప్పాలి

## 8. పన్నులు: సమ్మర్‌లో మారేవి మాత్రమే

సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెన్షన్, వృద్ధుల వైద్య బీమా కోసం జీతంలోంచి కోసే పన్నులు). రెండూ కలిపి 7.65 శాతం. నెలకు 2,000 మీద 153 డాలర్లు. ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్‌గా ఉన్నంతకాలం, ఇది కోయకూడదు. అది సమ్మర్ అయినా, క్లాసులు తీసుకోకపోయినా సరే. కోశారంటే ముందు పేరోల్‌ను వెనక్కి ఇవ్వమనండి. కుదరదంటే 843, 8316 ఫారాలతో ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ)కు దరఖాస్తు చేయొచ్చు.

పీహెచ్‌డీలో ఆరో క్యాలెండర్ సంవత్సరం వచ్చినవాళ్లకు కథ మారుతుంది. ఏడాదిలో ఒక్క రోజున్నా అది ఒక సంవత్సరమే. 2021 ఆగస్టులో దిగినవాళ్లకు 2025తో ఐదూ అయిపోయాయి. ఆ తర్వాత మినహాయింపు విద్యార్థిగా రిజిస్టర్ అయి ఉండటం మీద ఆధారపడుతుంది. ఐదు వారాలకు మించిన సెలవులో, రిజిస్ట్రేషన్ లేకుండా పనిచేస్తే 7.65 శాతం కోస్తారు. డిసెంబరు బ్రేక్ సాధారణంగా ఐదు వారాల లోపే కాబట్టి, ముందూ వెనకా రిజిస్టర్ అయి ఉన్నవాళ్లకు ఇబ్బంది ఉండదు.

ఆదాయపు పన్ను. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21(2) అధికరణ వల్ల మన విద్యార్థులు నాన్‌రెసిడెంట్లుగా ఉండి కూడా స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని స్థిర మొత్తం) తీసుకోవచ్చు. 2025కు అది 15,750 డాలర్లు. ఏడాదిలో 18,000 సంపాదిస్తే పన్ను పడేది 2,250 మీదే, 10 శాతం లెక్కన 225. సమ్మర్‌లో ఇంకో 6,000 కలిస్తే 825. అంటే సమ్మర్ జీతంలో 600 ఫెడరల్ పన్నుకు పోతుంది. రాష్ట్ర పన్ను వేరు. టెక్సస్‌లో జీతం మీద అది లేదు.

ఫెలోషిప్ అయితే పేరోల్ 14 శాతం ముందే కోయొచ్చు, తర్వాతి ఏడాది దాని లెక్క డబ్ల్యూ-2 (జీతం, కోసిన పన్ను చూపే ఫారం) బదులు 1042-ఎస్ ఫారంలో వస్తుంది. రిటర్నులో జీతం, ఫెలోషిప్ రెండింటినీ చూపాలి.

## 9. డిసెంబరు బ్రేక్

ఇక్కడ చెప్పాల్సింది తక్కువే. ఫాల్, స్ప్రింగ్ కలిపి ఒకే లెటర్ ఉంటే బ్రేక్‌లోనూ జీతం వస్తుంది, పనీ అడగొచ్చు. ఇండియాకు టికెట్ కొనేముందు సూపర్‌వైజర్ అనుమతి మెయిల్‌లో తీసుకోండి. ఫాల్‌కు విడి లెటర్ ఉంటే అది ఏ తేదీకి ముగుస్తోందో చూడండి. గంటల లెక్కన పనిచేసేవాళ్లు బ్రేక్‌లో ఫుల్‌టైమ్ చేసి కొంత వెనకేసుకోవచ్చు.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారులు

"ఊరికే సాయం చేస్తున్నా" అని ల్యాబ్‌లో జీతం లేకుండా పనిచేయడం. మీ థీసిస్ మీరు రాసుకోవడం చదువు, దానికి ఎవరూ జీతం ఇవ్వక్కర్లేదు. కానీ నిన్నటిదాకా జీతానికి చేసిన పనినే, గ్రాంట్ రిపోర్టునో జూనియర్ల శిక్షణనో, ఈరోజు ఉచితంగా చేయమంటే అది సాయం కాదు. పైగా ఉద్యోగిగా లేనప్పుడు ల్యాబ్‌లో గాయపడితే ఉద్యోగులకు ఉండే బీమా సాధారణంగా వర్తించదు. దిద్దుబాటు: "నా అపాయింట్‌మెంట్ ఫలానా తేదీన ముగుస్తోంది. అప్పటివరకు పూర్తిచేయగలిగినవి ఇవి. మిగతావి సమ్మర్ అపాయింట్‌మెంట్ ఖరారయ్యాక మొదలుపెడతాను" అని రాయండి.

30 గంటలు పనిచేసి 20 నింపడం, మిగిలినవి తర్వాత చూసుకుందామనుకోవడం. టైమ్‌షీట్ సంతకం పెట్టిన పత్రం. పనిచేసిన వారంలోనే పనిచేసిన గంటలు నింపండి. మీ ఫోన్‌లో రోజువారీ లెక్క విడిగా ఉంచుకోండి.

ఇండియా నుంచి పనిచేస్తానని ప్రొఫెసర్‌తో అనుకుని వెళ్లిపోవడం. దేశం బయట నుంచి పనిని చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. పేరోల్, పన్ను, డేటా నిబంధనలు అడ్డొస్తాయి. హైదరాబాద్ టికెట్ బుక్ చేసేముందు హెచ్‌ఆర్ నుంచి అనుమతి తీసుకోండి. వీసా స్టాంపింగ్‌కు వెళ్తుంటే ఇంకో ప్రశ్న కూడా అడగండి: వీసా 221(జీ) కింద అదనపు పరిశీలనలో ఆగిపోయి ఆగస్టు 16కు రాలేకపోతే నా ఫాల్ అపాయింట్‌మెంట్ ఏమవుతుంది?

డబ్బు ఆలస్యమైతే మౌనంగా ఉండటం. జీతం రావాల్సిన రోజు దాటితే మర్నాడే కోఆర్డినేటర్‌కు, పేరోల్‌కు మెయిల్ చేయండి. చాలాసార్లు కారణం ఎక్కడో ఆగిపోయిన ఒక సంతకం.

## 11. మాట తప్పితే ఎవరి దగ్గరికి?

ఈ వరసలో వెళ్లండి: అడ్వైజర్, గ్రాడ్యుయేట్ డైరెక్టర్, డిపార్ట్‌మెంట్ హెడ్, గ్రాడ్యుయేట్ స్కూల్. ఏ మెట్టు దగ్గరైనా ఆంబుడ్స్ ఆఫీసు (ఫిర్యాదులు వినే తటస్థ కార్యాలయం)తో గోప్యంగా మాట్లాడొచ్చు. క్యాంపస్‌లో విద్యార్థుల న్యాయ సహాయ కేంద్రం ఉంటే కాగితాలు వాళ్లకు చూపించండి.

మీ దగ్గర గ్రాడ్యుయేట్ వర్కర్ల యూనియన్ ఉందో లేదో ముందే తెలుసుకోండి. కాలిఫోర్నియా, మిషిగన్ విశ్వవిద్యాలయాల్లో ఉన్నట్టు యూనియన్ ఒప్పందం ఉంటే, జీతం, పనిగంటలు, ఫిర్యాదు గడువులు అందులోనే రాసి ఉంటాయి. ఫిర్యాదుకు గడువు చాలా తక్కువ రోజులే ఉండొచ్చు కాబట్టి ఆ పేజీ మొదట చదవండి. ప్రైవేటు యూనివర్సిటీల్లో టీఏలు, ఆర్ఏలు కూడా ఉద్యోగులేనని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2016లో కొలంబియా యూనివర్సిటీ కేసులో తేల్చింది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో అది ఆయా రాష్ట్రాల చట్టాన్ని బట్టి ఉంటుంది.

ఎఫ్-1 మీద ఉన్నాం, అడిగితే వీసాకు ఇబ్బంది అవుతుందేమోనని నోరు కట్టేసుకున్న పిల్లలను చాలామందిని చూశాను. చేసిన పనికి జీతం అడగడం స్టేటస్ ఉల్లంఘన కాదు. అనుమతి లేని గంటలు పనిచేయడం ఉల్లంఘన. ఈ రెండింటినీ కలిపి భయపెట్టేవాళ్లు ఎదురైతే, ఆ రోజే డీఎస్ఓ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి.

## 12. ఆగస్టులో చేయాల్సినవి

☐ చివరి పే స్టబ్ లెటర్‌లోని మొత్తంతో సరిపోయిందా?
☐ సమ్మర్ లెటర్, మెయిళ్లు, టైమ్‌షీట్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టారా? యూనివర్సిటీ మెయిల్ డిగ్రీ తర్వాత పోవచ్చు, కాపీ మీ సొంత మెయిల్‌లోకి తీసుకోండి.
☐ ఇల్లు మారితే పేరోల్‌లో, సెవిస్‌లో చిరునామా మార్చారా? సెవిస్‌కు 10 రోజుల గడువు. జనవరి నెలాఖరులోపు వచ్చే డబ్ల్యూ-2 పాత ఇంటికి వెళ్లిపోకూడదు.
☐ ఫాల్ లెటర్ వచ్చిందా? రాకపోతే ఆగస్టు 16 దాకా ఆగకుండా ఈరోజే కోఆర్డినేటర్‌ను అడగండి.